గరిక పీకిన చేతులతో అమెరికా గడ్డి

యాభై ఏళ్లు గడ్డి పీకడమే పనిగా బతికిన మనిషిని విమానం ఎక్కించి తీసుకెళ్లి, "నాన్నా, ఇక్కడ మనం గడ్డి పెంచాలి" అంటే ఎలా ఉంటుంది? మా నాన్నకి సరిగ్గా అదే జరిగింది.

మాది దివిసీమ. నాగాయలంక మండలంలో ఓ చిన్న ఊరు. నాన్నకి నాలుగెకరాల వరి. వరి పండించేవాడికి గడ్డిని మించిన శత్రువు లేదు. మడిలో ఊద, తుంగ. గట్టు మీద గరిక. ఊద పీకితే పోతుంది. తుంగ దుంప తవ్వితే కొంతైనా తగ్గుతుంది. గరిక అలా కాదు, మహా మొండిది. ఒక్క కణుపు ముక్క మట్టిలో మిగిలినా చాలు, పది రోజుల్లో మళ్లీ పాకేస్తుంది. సార్వా ఊడ్పుల ముందు గట్లు చెక్కుతూ నాన్న గరికని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఎడిటర్ గారు కత్తెర వేస్తారు. ఏడాదికి ఒక్కరోజు, వినాయక చవితి నాడు మాత్రం దానికి మర్యాద. ఆ రోజు అమ్మ పంపితే వెళ్లి జాగ్రత్తగా కోసుకొచ్చేవాడు. మర్నాడు మళ్లీ పార పట్టుకునేవాడు.

అమ్మ పోయాక నాన్న ఒక్కడే అయిపోయాడు. నేను బందరులో ఉద్యోగం, మా అత్తగారిది గుడివాడ. అన్నయ్య ఒహాయోలో, కొలంబస్ ఊరి శివార్లలో ఉంటాడు. విజిటర్ వీసా వచ్చింది, రెండేళ్ల కిందట మే నెలలో నాన్నని పంపించాం. ఆరు నెలలు ఉండి రావాలని ప్లాన్.

మొదటి రెండు నెలలు ఫోన్‌లో ఆయన గొంతు వింటుంటే నాకు భయం వేసేది. "తిన్నావా నాన్నా?" "ఆ." "నిద్ర పడుతోందా?" "ఆ." అంతే. ఒకసారి మాత్రం ఓ వాక్యం పూర్తిగా అన్నాడు: "ఇక్కడ మనుషులు లేరమ్మా, కార్లున్నాయి." అన్నయ్యా వదినా పొద్దున్న వెళ్తే సాయంత్రం వస్తారు. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడరు. ఈయన సోఫాలో కూర్చుని యూట్యూబ్‌లో పాత సినిమాలు పెట్టుకుని, వాటినీ చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తుంటాడని వదిన చెప్పింది. మనిషి బరువు తగ్గుతున్నాడని కూడా చెప్పింది.

ఆగస్టు మధ్యలో అన్నయ్యకి ఓ ఉత్తరం వచ్చింది. వాళ్లుండే కాలనీకి ఓ అసోసియేషన్ ఉంది. మీ ఇంటి ముందు లాన్ ఎండిపోయింది, మచ్చలు పడ్డాయి, నెలలోగా బాగుచేయకపోతే జరిమానా అని దాని సారాంశం. ఇంటి ముందు గడ్డి ఎండితే జరిమానా! నాన్న ఈ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడట. "గడ్డి పెరిగితేనా, ఎండితేనా?" అని. ఎండితేనే.

ఆయన సోఫాలోంచి లేచింది ఆ రోజే.

అన్నయ్య వాళ్ల లాన్‌లో ఉన్నది కెంటకీ బ్లూ గ్రాస్. శాస్త్రీయ నామం పోవా ప్రాటెన్సిస్. పేరులో కెంటకీ ఉంది కానీ అది కెంటకీలో పుట్టింది కాదు. సొంత ఊరు యూరప్, ఆసియాలోని చల్లటి ప్రాంతాలు. వలస వెళ్లినవాళ్లతో పాటు అమెరికా చేరింది. అంటే అది కూడా మన అన్నయ్యల్లాగా వలస బాపతే అన్నమాట. బ్లూ అన్నారని నీలంగా ఉంటుందనుకోకండి. కోయకుండా వదిలేస్తే రెండు మూడడుగులు పెరిగి వెన్ను తీస్తుంది, ఆ వెన్నులకి కొంచెం నీలి ఊదా ఛాయ ఉంటుంది. కోసిన లాన్ మామూలు ముదురాకుపచ్చే. (బ్లూగ్రాస్ అనే సంగీతం కూడా ఉంది, బాంజోలూ ఫిడేళ్లూ పెట్టి వాయిస్తారు. దానికా పేరు బిల్ మన్రో అనే కెంటకీ కళాకారుడి బృందం పేరు నుంచి వచ్చింది. అన్నయ్య కారులో పెడితే నాన్న కాసేపు విని, "మన బుర్రకథ నయం" అన్నాడట.)

నాన్న చేసిన మొదటి పని, ఓ పరక తెంపి కళ్లద్దాలు పెట్టుకుని చూడటం. "ఆకు చివర పడవ ముక్కులాగా ఉందే" అన్నాడు. తర్వాత నేను చదివితే తెలిసింది, అక్కడి వ్యవసాయ పుస్తకాల్లో కూడా ఈ గడ్డికి గుర్తు అదే. ఆకు కొస పడవ ముందు భాగంలా ముడుచుకుని ఉంటుంది. ఎడ్లంక రేవులో పడవలు చూస్తూ పెరిగిన మనిషికి అది చెప్పడానికి పుస్తకం అక్కర్లేకపోయింది.

రెండో పని, ఎండిన చోట గడ్డిని గుప్పిట పట్టి లాగడం. మీలో ఎవరైనా అమెరికాలో ఉంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. బ్లూ గ్రాస్ చలి గడ్డి. 15 నుంచి 24 డిగ్రీల మధ్య దానికి హాయి. ఎండ ముదిరి, వాన లేకపోతే పైకి గోధుమరంగులోకి మారి నిద్రలోకి వెళ్లిపోతుంది. అది చావు కాదు. మొదలు గట్టిగానే ఉంటుంది, లాగితే రాదు. రెండు మూడు వారాలకోసారి అర అంగుళం నీళ్లు తగిలితే ప్రాణం నిలుపుకుని, చల్లబడగానే మళ్లీ పచ్చబడుతుంది. నాన్న లాగితే చాలా చోట్ల రాలేదు. "ఇది చావలేదురా, పడుకుంది" అన్నాడు. కానీ దారి పక్కన రెండు చోట్ల మాత్రం గడ్డి తివాచీలా చుట్టుకుని లేచి వచ్చేసింది. కింద వేళ్లే లేవు. మట్టిలో తెల్లగా, గోధుమరంగు తలతో, కొడవలిలా వంగి పడుకున్న పురుగులు. మనవైపు వేరుసెనగ రైతులు వేరుపురుగు అని తిట్టుకునే జాతే. పెంకు పురుగుల పిల్లలు.

ఆ సాయంత్రం, అంటే నాకు తెల్లారి, ఫోన్ మోగింది. నాన్నే చేశాడు. మే నెల తర్వాత ఆయనంతట ఆయన చేయడం అదే మొదటిసారి. "అమ్మాయ్, ఇక్కడా వేరుపురుగు ఉందే!" అన్నాడు. మేనమామ ఎదురుపడినంత సంతోషం ఆ గొంతులో.

ముందు గుళికల మందు వేసి నీళ్లు పెట్టారు. తర్వాత చచ్చిన గడ్డి ఎత్తేసి, ఇనప పళ్ల రేక్‌తో మట్టి అర అంగుళం గీరారు. సెప్టెంబరు మొదటి వారంలో విత్తనం. ఒహాయో లాంటి చోట ఆగస్టు సగం నుంచి సెప్టెంబరు సగం దాకా దీనికి అసలైన అదును. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, గాలి చల్లబడుతుంది, కలుపు తగ్గుతుంది. వసంతంలో వేస్తే వేరు దిగేలోపే ఎండాకాలం వచ్చి పడుతుంది.

విత్తనం దగ్గర నాన్నకీ అన్నయ్యకీ గొడవ. పాడైన చోటు మొత్తం 400 చదరపు అడుగులు. దానికి అర కేజీ చాలని ప్యాకెట్ మీద ఉంది. "అర కేజీ ఏంట్రా, పిచ్చుకలు తింటాయి" అని నాన్న. కానీ గింజ చూశాక నోరు మూతపడింది. నువ్వు గింజ దాని ముందు ఏనుగు. అర కేజీలో పది లక్షలకి పైనే గింజలుంటాయి. ఎక్కువ చల్లితే పిలకలు ఒకదాన్నొకటి తొక్కుకుని నీరసపడతాయి. దుకాణంలో చల్లే యంత్రం ఉందని అన్నయ్య అంటే నాన్న వద్దన్నాడు. పొడి ఇసక కలిపి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చేత్తో చల్లాడు. కోతకి ముందు నిలబడ్డ వరిలో మినుములు చల్లిన చెయ్యి అది. వదిన వీడియో తీసి పంపింది. ఆ చెయ్యి విసురు చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను.

చల్లాక పలచగా మట్టి సర్ది, పైన గడ్డి పరచాలి. దానికి ప్లాస్టిక్ సంచిలో కట్టిన గోధుమ గడ్డి డబ్బులిచ్చి కొన్నారు. ఎంతని నాన్న అడిగాడు. అన్నయ్య డాలర్లలో చెప్పాడు. నాన్న మనసులో గుణించుకుని ఆ పూట అన్నం సరిగా తినలేదు. మన దగ్గర కోత యంత్రం వచ్చాక చేలల్లో మిగిలిన వరిగడ్డి తగలబెట్టేస్తున్నారని ఆయన బాధ.

ఇక నిరీక్షణ. వడ్లు నానబెట్టి మండె కడితే రెండు రోజుల్లో మొలక తెల్లగా కనిపిస్తుంది. ఇది మూడు రోజులైనా లేదు. వారమైనా లేదు. రోజుకి రెండు మూడుసార్లు పైపైన తడి, అంతే. పదో రోజున నాన్న "నకిలీ విత్తనాలు అంటగట్టార్రా, కలెక్టర్‌కి అర్జీ పెట్టు" అన్నాడు. కెంటకీ బ్లూ గ్రాస్‌కి మొలకెత్తడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పదహారో రోజు పొద్దున్న మంచులో ఆకుపచ్చ నూగు కనిపించింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ ఒక్కరోజే ముప్పై రెండు ఫొటోలు. అన్నిట్లోనూ మట్టే. జూమ్ చేస్తే గడ్డి.

ఈ గడ్డి బహువార్షికం. ఒకసారి నిలదొక్కుకుంటే భూమి లోపల పాకే కాడలు వేసుకుంటూ ఖాళీలు అదే నింపుకుంటుంది. ఏళ్ల తరబడి ఉంటుంది. కోత మాత్రం లెక్కగా ఉండాలి. రెండున్నర నుంచి మూడున్నర అంగుళాల ఎత్తు ఉంచాలి, ఒక్క కోతలో మూడో వంతుకి మించి తీయకూడదు. బ్లేడు మొద్దుగా ఉంటే ఆకు చిరిగి కొసలు తెల్లబడతాయి. కోసిన తుక్కు అక్కడే వదిలేస్తే ఎరువవుతుంది. అక్టోబరు చివర్లో నాన్న మొదటి కోత కోశాడు. పక్కింటి అమెరికన్ ముసలాయన వచ్చి ఏదో అన్నాడట. "ఏమన్నాడు నాన్నా?" అంటే "ఏమో, బొటనవేలు చూపించాడు. నేనూ చూపించాను" అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ రోజూ సాయంత్రం కంచె దగ్గర నిలబడేవాళ్లని వదిన చెప్పింది. ఏ భాషలో మాట్లాడుకున్నారో దేవుడికెరుక.

ఇటు ఊళ్లో కథ వేరు.

ఇల్లు తాళం. ఐదు సెంట్ల దొడ్డి. నేను నెలకోసారి వెళ్లి తలుపులు తీసి ఊడ్చి వచ్చేదాన్ని. వానలకి దొడ్డంతా మోకాలెత్తు గడ్డి. సెప్టెంబరులో ఓ ఆదివారం కుళాయి పక్కన కాలు వేయబోయి ఆగాను. రక్తపింజర, చుట్ట చుట్టుకుని. నా ఐదేళ్ల కూతురు నా వెనకే ఉంది.

దివిసీమ వాళ్లకి ఇది ఎంత మామూలో బయటివాళ్లకి తెలియదు. 2018 వానాకాలంలో పాముకాటు కేసులు వరసగా అవనిగడ్డ ఆసుపత్రికి వస్తుంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుళ్లో అధికారికంగానే సర్పశాంతి హోమం జరిపించారు. వరి చేలు, ఎలుకలు, కప్పలు, నీళ్లు, ఇంకేం కావాలి పాముకి? కాటు పడితే కోయడాలూ బిగించి కట్టడాలూ మంత్రాలూ వద్దు, కాలు కదపకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మందు ఉంది, అందితే బతుకుతారు. కానీ డెబ్బై ఏళ్ల మనిషి ఒంటరిగా ఉన్న ఇంట్లో రాత్రి కాటు పడితే ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరు?

మేస్త్రీని పిలిచాను. దొడ్డంతా సిమెంటు చేయడానికి లక్షా అరవై వేలన్నాడు. అన్నయ్య సగం పంపిస్తానన్నాడు. నాన్నకి వీడియో కాల్‌లో చెప్పాం.

"ఒద్దు" అన్నాడు.

"పాములు నాన్నా."

"సిమెంటు వేస్తే వాన నీళ్లెటు పోతాయి? ఇంట్లోకి వస్తాయి. మే నెలలో ఆ సిమెంటు మీద అడుగేయగలవా? రాత్రి పన్నెండు దాకా పొయ్యిలా కాగుతుంది."

అన్నీ నిజాలే. అయినా నేను వదల్లేదు. అప్పుడాయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడని విషయం ఎత్తాడు. 1977 నవంబరు 19. ఉప్పెన. ఆయనకి అప్పుడు ఇరవై రెండేళ్లు. నీళ్లు తీశాక చేలమీద తెల్లగా ఉప్పు పొర. చెట్టు మోడు, పశువు లేదు, మనిషి లేడు. "అంతా పోయిందనుకున్నాం. కొన్నాళ్లకి వానలు పడ్డాక మన గట్టు మీద ముందు కనిపించిన పచ్చన గరికే. నేను రోజూ తిట్టే గరిక. దాన్ని మేపే మొదటి గేదెని నిలబెట్టుకున్నాం."

గరిక ఉప్పుని బాగా ఓర్చుకునే గడ్డి, చౌడు నేలలోనూ బతుకుతుంది. అది నాకు తెలుసు. అయినా అన్నాను: "నాకు నువ్వు కావాలి నాన్నా. గరిక కాదు."

చాలాసేపు ఫోన్‌లో ఏమీ వినపడలేదు. తర్వాత, "కురచగా కోస్తాను. ఇక్కడ వారం వారం కోస్తున్నాను కదా, అక్కడా కోస్తాను. పాము పడుకుంటే కనిపించేట్టు ఉంచుతాను. గేటు నుంచి గుమ్మం దాకా, కుళాయి దాకా సిమెంటు దారి వేయించు. లైటు పెట్టించు. మిగతాది నాకొదిలెయ్" అన్నాడు. ఒప్పుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా ధైర్యం లేదు. మంచం మీదే పడుకోవాలి, దోమతెర పరుపు కిందకి దోపుకోవాలి, కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది అని రోజూ చెప్తూనే ఉంటాను. ఆయన "ఆ" అంటాడు.

అన్నయ్యకి ఇంకో ఆలోచన వచ్చింది, ఇక్కడా బ్లూ గ్రాసే వేద్దామని. కుదరదు. కశ్మీర్, హిమాచల్ కొండల్లో ఆ గడ్డి పెరుగుతుంది. బందరు మే నెల 40 డిగ్రీల ఎండలో అది నిద్రపోదు, పోతుంది. పైగా అనుమతులు లేకుండా విదేశీ విత్తనాలు బ్యాగులో వేసుకుని రాకూడదు కూడా. ఆన్‌లైన్‌లో నీలం గడ్డి ఫొటో పెట్టి అమ్మే ప్యాకెట్ల జోలికి మీరు వెళ్లకండి, డబ్బు దండగ. గుడివాడలో మా అత్తగారు నర్సరీ నుంచి మెక్సికన్ గ్రాస్ చాపలు తెప్పించి పరిచారు. చూడటానికి బాగుంది. ఆ నల్లమట్టి వేసవిలో పగుళ్లిచ్చి, వానల్లో నీళ్లు నిలిచి, రెండేళ్లకే బొప్పులు కట్టింది. అదే గుడివాడ చుట్టూ చేపల చెరువుల గట్లు చూడండి. ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పెట్టని గరిక ఆ మట్టి జారిపోకుండా పట్టుకుని కూర్చుంది.

నాన్న నవంబరులో వచ్చాడు. వేసవి మొత్తం దొడ్డి జానెడు లోతు తవ్వి తుంగ దుంపలు ఏరాడు. ఎలక బొరియలు మూయించాడు. ఇసక, మాగిన పశువుల ఎరువు కలిపి, నీళ్లు నిలవకుండా రోడ్డు వైపు వాలుగా చదును చేశాడు. జూన్ చివర, వానలు పడ్డాక, సన్నాకు గరిక ఎంచుకుని తెచ్చి, రెండు మూడు కణుపులుండేలా కత్తిరించి, బెత్తెడు దూరంలో నాటాడు. ఒక మూల మాత్రం ముక్కలన్నీ పేడ, మట్టి బురదలో కలిపి చిక్కటి కళ్లాపిలా పరిచాడు. రెండు పద్ధతులూ పనిచేశాయి. నెలన్నరకి నేల కనపడలేదు. మామిడి చెట్టు కింద మాత్రం పట్టలేదు, గరికకి నీడ పడదు. అక్కడ కనకాంబరాలు వేశాడు.

ఊళ్లో నవ్వు ఇంకా ఆగలేదు. "అమెరికా వెళ్లొచ్చి గరిక నాటుతున్నాడంట" అని. పక్కింటి పిన్ని అయితే వచ్చి, "బావగారూ, మా చేలో ఎకరం గరికుంది, పీక్కుపోండి, కూలీ కూడా ఇవ్వక్కర్లేదు" అంది. నాన్న నిజంగానే వెళ్లి రెండు బస్తాలు తెచ్చుకున్నాడు.

అన్నయ్య డబ్బు పంపితే తోసే చేతి మూవర్ కొన్నాం, పెట్రోలు లేనిది. గరికని అంగుళం, అంగుళంన్నర ఎత్తులో ఉంచుతాడు. వానల్లో వారానికోసారి, చలికాలంలో నెలకోసారి. కోసిన గడ్డి పిన్ని గేదెకి. ఈ రెండు వానాకాలాల్లో దొడ్లో రెండు పాములు కనిపించాయి. రెండూ దూరం నుంచే కనిపించాయి, రెండూ వాటి దారిన అవి వెళ్లిపోయాయి.

మొన్న జూలైలో అన్నయ్య లాన్ మళ్లీ గోధుమరంగులోకి తిరిగింది. కంగారుగా ఫోన్ చేశాడు. నాన్న కెమెరా దగ్గరికి పెట్టించి, లాగించి చూశాడు. "పడుకుంది, పడుకోనీ. మెయిల్ బాక్స్ దగ్గర మాత్రం పోయింది, అక్కడ విత్తనం వేయాలి" అన్నాడు. "నాకు చల్లడం రాదు నాన్నా" అన్నాడు అన్నయ్య. చేత్తో చల్లడం రాదో, నాన్నని రప్పించుకోవడానికి అన్నాడో నాకు తెలియదు. నాన్న క్యాలెండర్ చూసుకున్నాడు.

ఆగస్టు ఇరవైకి టికెట్ బుక్ అయింది. ఈసారి మూడు నెలలే అన్నాడు. పక్కింటి ముసలాయనకి మా ఊరి మామిడి తాండ్ర తీసుకెళ్తాడట.

అంటే వానాకాలం మిగతా సగం దొడ్లో కోత కోయాల్సింది నేను. ప్రతి ఆదివారం బందరు నుంచి వెళ్లాలి. ఎంత ఎత్తు ఉంచాలో గోడ మీద సుద్దముక్కతో గీత గీసి చూపించాడు. బూట్లు వేసుకోమన్నాడు, ముందు కర్రతో నేల తట్టమన్నాడు. మూవర్ బ్లేడు కాస్త మొద్దుబారింది. బందరులో దానికి పదును పెట్టేవాళ్లు ఎవరున్నారో కనుక్కుంటున్నాను.